బర్టన్ నీళ్లు, అనంతపురం జిప్సం

(డర్బీలో తెలుగు కుటుంబాల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో మాస్టారు పోతన పద్యాలు చెప్పారు. ఈ నెల నేను బీరు గురించి చెప్తున్నాను. ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చాం అని ఎవరికైనా బాధగా ఉంటే కార్యక్రమం వేసినవాళ్లని అడగండి, నన్ను కాదు. (నవ్వులు)

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మా అమ్మ అనంతపురం నుంచి వీడియో కాల్ చేసింది. నా వెనకాల స్టవ్ మీద పెద్ద డేగిసా, కిటికీల నిండా ఆవిరి. "ఏముందే అందులో, ఎవరొస్తున్నారు ఇంటికి?" అంది. బీరు చేస్తున్నానమ్మా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "సారా కాస్తున్నావా?" అంది.

నవ్వకండి. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం మా వైపు కూడా పాకింది. మా ఊళ్లో సారా అంగడి ముందు చీపుర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లలో మా అమ్మ ఒకతె. అలాంటి మనిషికి కూతురు ఇంగ్లండ్ వెళ్లి డేగిసా పెట్టిందంటే ఎట్లా ఉంటుంది? పులిసినదాన్ని మళ్లీ మరిగించి ఆవిరి పడితే సారా అవుతుంది, నేను పులియబెట్టడం వరకే అని నచ్చజెప్పబోయాను. "చెడిపోవడానికి ఆ మొదటి సగం చాలు" అంది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. ఈ దేశంలో 1963 నుంచి ఇంట్లో వాడుకోవడానికి బీరు చేసుకుంటే లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకూడదు, సారాలాగా కాయకూడదు. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్స్ లేకుండా ఇంట్లో చేస్తే నేరం. కాబట్టి ఇవాళ రాసుకున్న లెక్కలు ఊళ్లో తమ్ముళ్లకి వాట్సాప్ చెయ్యకండి.

నేను చేసింది 1830ల నాటి బర్టన్ పేల్ ఏల్, అంటే లేత రంగు బీరు. ఎందుకు అదే? నేను నీళ్ల లాబ్‌లో పని చేస్తాను. ఇక్కడి నుంచి రైలెక్కితే పావుగంటలో బర్టన్ అపాన్ ట్రెంట్. ఆ ఊరు పేరు మా లాబ్‌లో ఎవరు ఎత్తినా నీళ్ల గురించే ఎత్తుతారు. అట్లా పట్టుకుంది నాకు.

పేల్ అంటే ఇప్పటి లాగర్ బీరులా గడ్డిరంగు అనుకోకండి. అప్పటి నల్లటి పోర్టర్ పక్కన పెడితే ఇది పాలిపోయినట్టు ఉండేది, అంతే. కట్టెల మంట మీద ఆరబెట్టిన మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ, పొగచూరి ముదురు రంగుకి వచ్చేది. బొగ్గులోంచి పొగ పోగొట్టిన కోక్ వచ్చాక, 17వ శతాబ్దంలో ఈ డర్బీషైర్‌లోనే దానిమీద మాల్ట్ ఆరబెట్టడం మొదలైంది. అప్పుడు లేత రంగు మాల్ట్, దాంతో లేత రంగు బీరు.

ఇండియా పేల్ ఏల్ కథ మీలో కొందరు విని ఉంటారు. ఓడలో ఇండియా చేరేసరికి బీరు చెడిపోతోందని, హాడ్జ్‌సన్ అనే ఆయన బుర్ర పెట్టి, చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు దట్టించి, మత్తు పెంచి ఒక కొత్త బీరు కనిపెట్టాడని. పబ్బులో గోడల మీద కూడా రాసి ఉంటుంది. బీరు చరిత్రకారులు పాత కాగితాలు తిరగేసి ఇది కట్టుకథ అని తేల్చారు. ఓడల్లో పోర్టర్ కూడా వెళ్లేది, బాగానే చేరేది. తెల్ల సిపాయిలకి పోసింది ఎక్కువగా అదే. పేల్ ఏల్ తాగింది దొరలు, ఆఫీసర్లు. అప్పటి లెక్కలో పేల్ ఏల్ అంత ఘాటు బీరు కూడా కాదు, మధ్యరకం.

జార్జ్ హాడ్జ్‌సన్‌కి 1752 నుంచి లండన్ తూర్పున బో అనే చోట బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు నిలిచే బ్లాక్‌వాల్ అక్కడికి దగ్గర. ఓడ కెప్టెన్లకి సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది. ఇండియాకి పోయేటప్పుడు ఓడల్లో సరుకు తక్కువ, కిరాయి చవక. పైగా హాడ్జ్‌సన్ 18 నెలల వరకు అప్పు ఇచ్చేవాడు. ఇంకేం కావాలి? దగ్గరున్న కొట్టు, అప్పు ఇచ్చే శెట్టి. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. వాళ్లు పట్టుకెళ్లింది అక్టోబర్లో కాచి ఏడాది మాగబెట్టే మామూలు జమీందారీ ఏల్. నాలుగు నుంచి ఆరు నెలలు, ఆఫ్రికా చివర గుడ్‌హోప్ చుట్టూ తిరిగి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి, ఆ ఎండకీ ఊపుకీ అది మరింత బాగా మాగింది.

తర్వాత హాడ్జ్‌సన్ వారసులకి ఆశ ఎక్కువైంది. అప్పులు బిగించారు, ధరలు పెంచారు, కెప్టెన్లని పక్కకి నెట్టి తామే ఓడల్లో పంపబోయారు. కంపెనీ వాళ్లకి మండింది. 1822లో కంపెనీ డైరెక్టర్ మార్జోరీబ్యాంక్స్, బర్టన్‌లో బ్రూవరీ ఉన్న శామ్యూల్ ఆల్సప్‌ని లండన్‌లో భోజనానికి పిలిచి ఇలాంటి బీరు చేస్తావా అని అడిగాడు. ఆ పేరు రాసేది మార్జోరీబ్యాంక్స్, పలికేది మార్చ్‌బ్యాంక్స్. మన ఇంటిపేర్లు పలకడం రాదంటారు వీళ్లు! (నవ్వులు) ఆల్సప్ దగ్గర అప్పుడు పని తక్కువగా ఉంది. బర్టన్ బీరు అంతకుముందు రష్యా వైపు పోయేది, అక్కడ సుంకాలు పెంచేశారు. ఆయన దగ్గర మాల్ట్ చేసే జోబ్ గుడ్‌హెడ్ అనే మనిషి మొదటి నమూనా ఒక టీపాట్‌లో కాచాడని బర్టన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. టీపాట్ నిజమో కాదో కానీ, కొన్నేళ్లలోనే ఆల్సప్, బర్టన్‌లోనే ఉన్న బాస్ బ్రూవరీ కలిసి లండన్ బీరుని వెనక్కి నెట్టేశారు. కారణం నీళ్లు. ఆ మాట తర్వాత.

మనవైపు ఈ బీరు దిగింది మద్రాసులో. అప్పుడు అక్కడ హార్బర్ లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో పీపాలు అలల మీద ఎగిరెగిరి ఒడ్డుకి వచ్చేవి. అక్కడ సీసాల్లో పోసేవాళ్లు. చల్లబరచడానికి సురేకారం కలిపిన నీళ్లు. తర్వాత అమెరికా నుంచి ఐసు గడ్డలే ఓడల్లో వచ్చాయి. దాన్ని దాచడానికి 1842లో మెరీనా ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. ఇవాళ మీరు వివేకానంద హౌస్ అని దణ్ణం పెట్టుకునే భవనం అదే. 1897లో స్వామీజీ అందులో బస చేశారు.

సరే, వంటింట్లోకి వద్దాం.

పాత బ్రూవరీ చిట్టాలు చదవడం అంటే అమ్మమ్మ ఊరగాయ లెక్క చదివినట్టే. మానెడు, సోలెడు అంటుంది, ఆ మానిక ఎంతో ఆమెకే తెలుసు. వీళ్లకి మాల్ట్ క్వార్టర్లలో, బీరు బారెల్స్‌లో. క్వార్టర్ అంటే 336 పౌండ్లు, బారెల్ అంటే 36 గ్యాలన్లు. తీపి ఎంతుందో కూడా 'బారెల్‌కి ఇన్ని పౌండ్లు' అనే రాస్తారు. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూశారుగా, అలాంటిదే హైడ్రోమీటర్. మంచినీళ్లలో 1000 చూపిస్తుంది, తీపి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. వాళ్ల ఒక పౌండు ఇవాళ్టి లెక్కలో 2.77 పాయింట్లు. చిట్టాలో 24 పౌండ్లు అని ఉంటే 1066 అన్నమాట. ఇక్కడ డర్డన్ పార్క్ బీర్ సర్కిల్ అని ఇళ్లల్లో చేసుకునేవాళ్ల బృందం 1970ల నుంచి ఇలాంటి చిట్టాలు వెతికి, విడగొట్టి, కాచి చూసింది. మనలాంటివాళ్లకి దారి వేసింది వాళ్లే.

చిట్టా అర్థమయ్యాక నాకు ఒక రకమైన నిరాశ కలిగింది. అందులో రెండే వస్తువులున్నాయి. లేత మాల్ట్, గోల్డింగ్స్ హాప్స్. నీళ్లూ, పులియబెట్టే ఈస్టూ కలిపితే నాలుగు. ఇంతేనా? నా అల్మరాలో అప్పటికే పదిరకాలున్నాయి. ఎర్రరంగుకి క్రిస్టల్ మాల్ట్ ఒక పిడికెడు వేద్దామా అనిపించింది. అది 19వ శతాబ్దం చివర్లో వచ్చిన సరుకు. కాస్త చక్కెర? మాల్ట్ మీద పన్ను పోతుందని 1847 దాకా బ్రూవరీలో చక్కెర వాడనివ్వలేదు ప్రభుత్వం. ఫగుల్ హాప్స్? 1830కి అది పుట్టలేదు. ఓక్ ముక్కలు? పీపాల్లో మాగింది కదా అని ఇంటర్నెట్లో అందరూ అమెరికన్ ఓక్ ముక్కలు వెయ్యమంటారు. వాళ్ల పీపాలు బాల్టిక్ తీరం మేమెల్ నుంచి వచ్చిన ఓక్‌తో చేసినవి, ఆ చెక్క రుచి బీరులోకి పెద్దగా దిగదు. దిగితే తప్పు అనుకునేవాళ్లు. వెనిలా వాసన వచ్చిందంటే అది 1830 కాదు, మీ ఇల్లే. ఇలా ఒక్కొక్కటీ డబ్బాలో వెనక్కి పెట్టేస్తూ వచ్చాను. మా ఆయన చూసి, "చెయ్యడం కంటే మానుకోవడమే ఎక్కువ ఉందే" అన్నాడు.

మాల్ట్ అంటే ఏమిటని పిల్లలు అడిగారు ఇందాక. మీ ఇంట్లో రాగి మాల్ట్ లేదూ? రాగులు నానబోసి, తడిగుడ్డలో మూట కట్టి, మొలకొచ్చాక ఎండబెడతాం. మొలక వచ్చేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. బార్లీతో అదే పని చేస్తే ఈ మాల్ట్. 1820లలో సఫక్‌లోని డెబెన్‌హామ్ దగ్గర మొదలైన షెవాలియర్ అనే బార్లీ రకం దాదాపు వందేళ్లు ఇంగ్లండ్‌ని ఏలింది, తర్వాత మాయమైంది. నారిచ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్లు విత్తన భాండాగారంలో మిగిలిన గుప్పెడు గింజల నుంచి మళ్లీ పండించారు. ఇప్పుడు దాని మాల్ట్ సంచుల్లో దొరుకుతోంది. నేను రెండో విడతలో అదే వాడాను. మామూలు మాల్ట్ కంటే ఖరీదు. ఒక్కసారైనా వాడండి, నోట్లో మందం వేరుగా ఉంటుంది.

20 లీటర్లకి నా లెక్క ఇది. మరపట్టిన మాల్ట్ 6 కిలోలు. నీళ్లు మొత్తం 33 లీటర్లు. అందులో 15 లీటర్లు 75 డిగ్రీలకి కాచి, మూతున్న ప్లాస్టిక్ ఐస్‌బాక్స్‌లో పోసి, మాల్ట్ వేసి కలిపితే 67 దగ్గర నిలుస్తుంది. రాగిసంకటి కెలికిన చేతులకి ఇది తెలిసిన పనే, తెడ్డు అడుక్కంటా తిప్పాలి, ఉండ కట్టకూడదు. ఆ మొదటి పది నిమిషాల్లో ఇల్లంతా హార్లిక్స్ వాసన. మా చిన్నది పైనుంచి గ్లాసు పట్టుకుని దిగొచ్చింది. గంటన్నర తర్వాత ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే చెరకు పానకం. గంటన్నర ముందు అదే గంజి! ఎన్నిసార్లు చేసినా ఆ చుక్క నాకు వింతే. మిగతా 18 లీటర్లు వేడిగా పోసి, గింజలో మిగిలిన తీపి అంతా కడిగి దింపాలి.

హాప్స్ ఎండిన పువ్వులు, చేదు వాటిదే. కెంట్ గోల్డింగ్స్ 200 గ్రాములు. 120 గ్రాములు మరుగు మొదట్లోనే, 80 గ్రాములు చివరి అరగంటకి. గంటన్నర మరగాలి. సంచి విప్పితే ఆ పువ్వులు పరుపు దూదిలా పొంగుతాయి, తప్పు చదివామేమో అనిపిస్తుంది. తప్పు కాదు. రెండు లీటర్ల రసం ఆ పువ్వులే తాగేస్తాయి, అది లెక్కలో ఉంచుకోండి. చల్లార్చాక హైడ్రోమీటర్ వేస్తే నాకు 1067 వచ్చింది. ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్ వేసి 18, 19 డిగ్రీల దగ్గర రెండు వారాలు వదిలేశాను.

ఇక నీళ్లు. ఇది నా సబ్జెక్టు, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే భరించండి.

బర్టన్ బీరు ట్రెంట్ నది నీళ్లతో చేస్తారని చాలామంది అనుకుంటారు. బావుల నీళ్లండీ. ఆ ఊరి కింద జిప్సం పొరలున్నాయి. దాని గుండా ఊరిన నీళ్లలో కాల్షియం, సల్ఫేట్ విపరీతం. సల్ఫేట్ లీటరుకి 600 మిల్లీగ్రాములు దాటిపోతుంది. జిప్సం అనగానే నాకు మా నాన్న చేలు గుర్తొచ్చాయి. వేరుశనగకి ఊడలు దిగే ముందు ఎకరాకి 200 కిలోలు జిప్సం చల్లేవాడు, లేకపోతే కాయ తాలు పోతుందనేవాడు. అక్కడ కాయ గట్టిపడటానికి వేసిన ఆ తెల్లపొడి, ఇక్కడ బీరులో చేదుని పదునుగా, పొడిగా చేస్తుంది. కాల్షియం మాల్ట్‌తో కలిసి పులుపు కొంచెం పెంచుతుంది, దాంతో రసం లేతరంగులో, తేటగా వస్తుంది. ఈస్ట్ కూడా చక్కగా అడుక్కి దిగుతుంది. లండన్ నీళ్లలో సున్నం కార్బొనేట్ రూపంలో ఉంది. నల్లటి పోర్టర్‌కి అది కుదురుతుంది, లేత బీరుకి కుదరదు. హాడ్జ్‌సన్ ఓడిపోయింది ఆల్సప్ తెలివి వల్ల కంటే ఊరి నేల వల్ల అని నా అభిప్రాయం. 1878లో విన్సెంట్ అనే రసాయనవేత్త ఏ నీళ్లకైనా ఈ గుణం తెప్పించే పద్ధతి చెప్పాడు. ఇవాళ దాన్ని బర్టనైజేషన్ అంటారు. ఒక ఊరి పేరు క్రియాపదమైపోయింది.

లాబ్ బుద్ధి కదా, మొదటిసారి నేను పుస్తకంలో ఉన్న అంకె తు.చ. తప్పకుండా రావాలని పట్టుబట్టాను. మా కుళాయి నీళ్లలో అప్పటికే ఉన్నది తియ్యకుండా 45 గ్రాములు జిప్సం, పైన మెగ్నీషియం కోసం ఎప్సం సాల్ట్ ఇంకొంచెం. ఎప్సం సాల్ట్ ఇక్కడున్న పెద్దలకి కూడా తెలుసు, దేనికి వాడతారో ఇక్కడ చెప్పను. (నవ్వులు) ఆ బీరు సుద్దముక్క చప్పరించినట్టుంది. రెండు గ్లాసులు తాగిన మా ఆయన మర్నాడు ఆఫీసుకి పోలేదు. నిజానికి బర్టన్‌లో ఒక బావికీ ఇంకో బావికీ నీళ్లు ఒకేలా ఉండవు, అందరూ ఎత్తి రాసే ఆ ఒక్క అంకె పట్టుకుని వేలాడటం నా తప్పు. ఇప్పుడు 33 లీటర్లకి 20 గ్రాములు జిప్సం, అంతే. ఎప్సం సాల్ట్ ఊసే లేదు.

రెండు వారాలకి బీరు తయారైపోతుంది. ఇప్పటి లెక్కలో. హైడ్రోమీటర్ 1018 చూపించింది, తాగితే బాగానే ఉంది, కాకపోతే చేదు కత్తిలా ఉంది. 1830 మనిషికి ఇది పచ్చి బీరు. బర్టన్‌లో ఆ పీపాలని ఎండకీ వానకీ బయట పేర్చి నెలల తరబడి వదిలేసేవాళ్లు. ఆ నెలల్లో ఏం జరిగేదో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1904లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ లాబ్‌లో క్లాసెన్ అనే ఆయన, ఇంగ్లిష్ మాగుడు బీరులో నిదానంగా పనిచేసే ఇంకో ఈస్ట్ ఉందని కనిపెట్టాడు. దానికి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు, అంటే బ్రిటన్ బూజు. మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరల్ని అది నెలల తరబడి కొరుకుతూ కూర్చుంటుంది. ఇవాళ వైన్‌వాళ్లు దాని పేరు వింటే వణికిపోతారు. నేను డబ్బిచ్చి కొనుక్కుని వేశాను. గాజు జాడీలోకి బీరు మార్చి, అందులో ఈ బూజూ, 55 గ్రాముల గోల్డింగ్స్ పువ్వులూ వేసి, మెట్ల కింద అరలో పెట్టాను.

మూడో నెలకి నాకు ఓపిక అయిపోయింది. 1014 ఉంది. చాల్లే అని చక్కెర కలిపి సీసాల్లో పోసి, బిరడాలు బిగించి, అదే అరలో పేర్చాను. జులై వచ్చింది. ఒక రాత్రి రెండు గంటలకి పేలుడు. తర్వాత ఇంకొకటి. దొంగలనుకుని మా ఆయన క్రికెట్ బ్యాట్ పట్టుకుని దిగాడు. తలుపు తెరిస్తే గాజుపెంకులు, నురుగు, దాని మధ్యలో అమ్మ పంపిన ఆవకాయ జాడీ రెండు ముక్కలై ఉంది. బూజు పని ఇంకా అవలేదు, ఆ గ్యాస్ ఎక్కడికి పోతుంది? తెల్లారి మిగిలిన సీసాల్ని దుప్పటి కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటే పెరట్లోకి మోశాం. బీరు పోయిందని నేను, ఆవకాయ పోయిందని ఆయన. ఆ జాడీ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, మీరెవరూ చెప్పొద్దు.

ఇండియా పీపాలు పేలకుండా ఎలా వెళ్లాయో అప్పుడు అర్థమైంది. ఓడ ఎక్కే ముందే వాటిని పూర్తిగా చప్పబడనిచ్చేవాళ్లు. పులియాల్సిందంతా ఇక్కడే పులిసిపోవాలి.

రెండోసారి షెవాలియర్ మాల్ట్‌తో అక్టోబర్లో మొదలుపెట్టాను. జాడీ మీద తేదీ రాసి, తాళం వేసి, తాళం మా ఆయనకిచ్చాను. వేసవిలో బయట షెడ్డులో పెట్టాం, వేడి తగలనీ అని. ఎండలో షెడ్డు 30 దాటిన రోజులున్నాయి. ఆగస్టుకి 1008. నెల తర్వాత మళ్లీ చూస్తే కూడా 1008. అప్పుడు సీసాలు.

మొదటి సీసా నవంబర్లో తీశాను, సరిగ్గా పదమూడో నెల. గ్లాసులోకి వంచితే రంగు కొత్త తేనెలా, తేటగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు అనాసపండు, దాని వెనక పాత తోలుచెప్పుల కొట్టు. అవునండీ, అదీ ఇదీ కలిసే. ఆ కత్తిలాంటి చేదు ఎటు పోయిందో తెలియదు, మెంతిగింజ చేదులా గొంతు దిగాక మెల్లగా తెలుస్తుంది. తీపి చుక్క కూడా లేదు. మా ఆయన మాట్లాడకుండా రెండో గుక్క తాగాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

ఇప్పుడు ఆ రెండో విడతలోవి ఆరు సీసాలు తెచ్చాను. బల్ల మీద చిన్న గ్లాసులున్నాయి, ఇటువైపు నుంచి అందించండి. అడుగున ఈస్ట్ పేరుకుని ఉంటుంది, సీసా కదపకుండా వంచండి. ఫ్రిజ్‌లో పెట్టలేదు, ఎవరూ ఐసు అడక్కండి, ఐస్ హౌస్ చెన్నైలో ఉంది. కారు నడిపేవాళ్లు వాసన చూసి పక్కవాళ్లకి ఇచ్చెయ్యండి. పిల్లలకి వదినవాళ్లు రాగి మాల్ట్ కాచి తెచ్చారు, వంటగదిలో ఉంది, అది వేడిగా ఉన్నప్పుడే తాగండి.